తెప్ప

కిసుము రేవు వెనక అవూర్ నెట్ సెంటర్.
ఐదు కంప్యూటర్లు, ఒకదానికి ఎఫ్ మీట లేదు.

క్రోమ్ పరుగు చూశావా, అంటుంది అవూర్,
దాని తిండి కూడా చూడు.
నాలుగు ట్యాబులకే ర్యామంతా నాకేసి
ఫ్యానుకి ఆయాసం తెప్పిస్తుంది.
నిన్న నువ్వేం వెతికావో
నీకంటే దానికే గుర్తు.

ఫైర్‌ఫాక్స్ నోరు జారదు.
కాకపోతే కొన్ని గడపల్లో
చెప్పులు విడిచి నిలబడ్డా రానివ్వరు.

మా భాషలో సఫారీ అంటే ప్రయాణం.
ఇదేమో ఒక్క కంపెనీ బండి దిగి అడుగేయదు.

పడవ కుర్రాళ్ళకి ఒపెరా మినీ:
పది షిల్లింగుల డేటాని
గరిటె అంచుతో వడ్డిస్తుంది.
బొమ్మలు మసకే,
టిలాపియా ధర మాత్రం కనిపిస్తుంది.

ఎడ్జ్ సంగతి అడక్కు.
క్రోమ్ దించుకోడానికి ఒక్కసారి తెరుస్తారు,
ఏరు దాటాక తెప్ప తగలేస్తారు.

మొన్న దుకాణం మూసే వేళకి
తడి గొడుగుతో మామా ఒబురా.
పడవ లైసెన్సుకి ఆఖరి రోజు,
మొగుడు పోయాక తన పేరుకి మార్చుకోవాలి.
క్రోమ్‌లో తెల్లకాగితం.
ఫైర్‌ఫాక్స్‌లో బటను ఎంత నొక్కినా రాయి.
ఒపెరాలో ఫారం సగం దాకా వచ్చి
"భర్త వివరాలు" దగ్గర ఆగిపోయింది.

అవూర్ గోళ్ళు కొరుక్కుంది.
తెర మూలకి, ఆ నీలి అల బొమ్మ మీదికి
బాణం గుర్తు అయిష్టంగా నడిచింది.
ఎడ్జ్ ఏమీ అనలేదు. పంపేసింది.

రసీదు బయటికొస్తుంటే
మామా ఒబురా కళ్ళద్దాలు తుడుచుకుంటూ,
"వీటిల్లో ఏది మంచిదమ్మా?"

అవూర్ తడి సిరా మీద ఊదుతూ,
"పొద్దున అడిగుంటే చెప్పేదాన్ని" అంది.