నీడ దిగే చోటు

ఇరవై ఆరేళ్లుగా ఇళ్లకు కప్పులు వేస్తున్నవాణ్ణి.
క్రాన్ పట్నంలో చర్చి శిఖరం మీది రాగిరేకు
నా సుత్తి దెబ్బలు తిన్నదే.
నడుముకి తాడు లేకుండా
నిచ్చెన మెట్టు ఒక్కటి ఎక్కను.
తాడు కట్టుకోని పనివాణ్ణి
ఆ పూట కూలి చేతిలో పెట్టి పంపేస్తాను.

అలాంటి నా కడుపున పుట్టిందిది.

అదిగో, అక్కడ,
మంచుకొండ నెత్తిన, అడ్డకమ్మీ మీద
పిట్ట వాలినట్టు కూర్చుంది యెరిత్సా.
ఛాతీ మీద పద్నాలుగో నంబరు.
ఒంటి మీద తాడు లేదు.

కింద వేలమంది
ఆవుల మెడగంటలు తెచ్చి ఊపుతున్నారు.
నా పక్కనున్న నార్వే ముసలాయన
ఫ్లాస్కు మూతలో వేడివేడి పళ్లరసం పోసి
చేతిలో పెట్టాడు, మాటా పలుకూ లేకుండా.
ఆయన మనవరాలు ఇందాకే దూకేసింది.
దూకేసినవాళ్ల తాలూకు మనుషుల్ని
ఇట్టే పోల్చుకోవచ్చు:
వాళ్ల భుజాలు దిగి ఉంటాయి.

ఎర్రదీపం.
గాలి బాగాలేదట.
గాలి ఎప్పుడు బాగుంది గనక?
పోయిన చలికాలం దాని మోకాలి నరం తెంపింది ఈ గాలే.
ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని
"ఇక చాలమ్మా" అన్నాను.
అది పైకి చూస్తూ
"ఈ కప్పు పలకలు వంకరగా వేశారు నాన్నా" అంది.
నిజమే. వంకరగానే వేశారు.

వాళ్లమ్మ రాలేదు.
ఇంట్లో టీవీ నోరు నొక్కేసి, దానికి వీపు పెట్టి
దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ ఉంటుంది.
దుప్పట్లకి ఇస్త్రీ ఎవరు చేస్తారు?
పోటీ ఉన్న రోజు మా ఇంట్లో చేస్తారు.

గాలికి పోయే కంపని
తగిలించుకున్నది మాత్రం నేనే.
ఆరో ఏట దాని మొదటి జత చెక్కలు
చిత్రిక పట్టిందీ నేనే,
గొర్రెల కొట్టం మీంచి మంచుకుప్పలోకి దూకితే
చప్పట్లు కొట్టిందీ నేనే.
ఇప్పుడెవర్ని తిట్టను?

పచ్చదీపం.
కోచ్ చేతిలో జెండా కిందికి పడింది.
అది కమ్మీ వదిలేసింది.

నిజం చెప్తాను, నేను దాన్ని చూడలేదు.
ఎప్పుడూ చూడను.
మంచు మీద దాని నీడని చూస్తాను.
రెండున్నర ఎండలో ఆ నీడ
మొదట గోధుమగింజంత,
వాలు మీద ఒంటరిగా, కాస్త పక్కగా,
తప్పిపోయిన కుక్కపిల్లలా పరిగెత్తుకొస్తుంది.
గంటలు ఆగిపోయాయి,
అందరికీనో, నా ఒక్కడికో.
పైన ఎక్కడో గుడ్డ చిరుగుతున్న చప్పుడు.
ఆ చప్పుడు నా కూతురు.
నేను మాత్రం నీడతోనే
రా, రా, ఇంకొంచెం, ఇటు, దాని కాళ్ల కిందికి

టప్.

నీడకి కాళ్లు దొరికాయి.

ముప్పై రెండో స్థానం.
రెండోసారి దూకనిచ్చేది ముప్పై మందినే.
మీటరున్నర తక్కువైంది,
మా వంటింటి బల్ల పొడవు.
ముసలాయన నా వీపు తట్టాడు.
ఆయనకేం తెలుసు,
ఈ రోజుకిక దూకదు అని
నాలో ఓ మూల దీపం వెలిగిందని.
ఆ వెలుగుకి సిగ్గేసి
పళ్లరసం గొంతు దిగలేదు.

కంచె దగ్గరికొచ్చింది, చెక్కలు భుజానేసుకుని,
కళ్లజోడు అచ్చు ముఖాన ఎర్రగా.
చెంపల మీది తడి మంచుదా అని అడగలేదు.
"గాల్లో ఎడమ భుజం వంగింది కదూ?
చూశావుగా నాన్నా?"

"కొంచెం" అన్నాను.
నీడలో భుజమేదో, చెక్కేదో ఎవడికి తెలుసు?

"అనుకున్నా" అంటూ నా టోపీ లాక్కుని
తన నెత్తిన పెట్టుకుంది.
"వచ్చే వారం సరిచేస్తా."

జేబులో ఫోను మోగింది.
ఎత్తితే మాట లేదు కాసేపు.
ఇస్త్రీపెట్టె ఆవిరి మాత్రం
బుస్సుమని
ఊపిరి వదిలింది.