హాజర్

షెపర్టన్ పండ్ల షెడ్డులో
బేరిపండ్లు బెల్టు మీద దొర్లుతుంటాయి.
దెబ్బతిన్నవి ఏరేయడం నా పని.
నా పక్కన గుల్సుమ్, బామియాన్ మనిషి.
ఎదురుగా కాజిమ్, బస్రా.

ఇంగ్లీషు తలా గుప్పెడే.
ఒకరోజు నడుం నొప్పికి తాళలేక
కుర్చీ అని గొణిగాను తెలుగులో,
కాజిమ్ లాగి ఇచ్చాడు.
ఖాళీ అంటే గుల్సుమ్ డబ్బా తెచ్చింది.
సబ్బు దగ్గరికొచ్చేసరికి ముగ్గురం నవ్వేశాం.
నా నాలుక మీద ఇన్నేళ్లుగా
ఎవరెవరు కాపురముంటున్నారో
నాకే తెలీదు.

టీ వేళ, మా పిల్ల బడికని రాసుకున్న జాబితా
ఫోనులో చదివి వినిపించాను:
ఇరాక్, నాలుగున్నర కోట్లు.
అఫ్ఘనిస్తాన్, నాలుగు కోట్ల పైచిలుకు.
"అందులో నేనున్నానా?" అన్నాడు కాజిమ్.
వచ్చి ఇరవై ఏళ్లు. ఉన్నట్టా, లేనట్టా?
గుల్సుమ్ బిస్కెట్టు ముంచుతూ
లెక్కలవాళ్లు మా కొండ ఎక్కనేలేదు అంది.
వాళ్లమ్మ ఏ కోటిలోనూ పడకుండానే
పోయిందట.
బిస్కెట్టు విరిగి టీలో మునిగింది.

గంట మోగింది.
సూపర్‌వైజరు కాగితం పట్టుకుని
పేర్లన్నీ వంకరగా పిలుస్తున్నాడు.
తన వంతు రాగానే గుల్సుమ్ చెయ్యెత్తి,
చిన్నప్పుడు పాలమూరు బడిలో
నేను అన్నట్టే అంది:
హాజర్.