చిన్నబజారులో దయ్యాల బేరం

వినాయకుడి పందిళ్ళకి ఇంకా గుంజలే పాతలేదు
అప్పుడే మా ప్రిన్సిపాల్ మేడం
పదిహేను వందలు కవర్లో పెట్టి
"దయ్యాల పండగ సామాను చూసి రా తల్లీ,
అక్టోబరు దాకా ఆగితే రేట్లు పెంచేస్తారు" అంది.

తోడు ఆయా పెంచలమ్మ.
శ్రావణం వెళ్ళిపోతున్నా చల్లబడని నెల్లూరు ఎండ
ట్రంకురోడ్డు తారుని ఉడకబెడతా ఉంది.

మొదటి కొట్టాయన మాట పూర్తిగా వినకముందే
అటక మీద నించి దించాడు
నాలుక చాచిన నల్ల మొహం, కోరమీసం,
కోడిగుడ్లంత కళ్ళు.
"బలే పనిచేస్తాది మేడం,
మొన్న కొత్తూరులో మూడంతస్తుల ఇంటికి ఇదే కట్టారు."
అది దయ్యాన్ని తరిమేది సార్.
నాకు కావాల్సింది దయ్యం.
ఆయన నన్ను ఎగాదిగా చూసి
దిష్టిబొమ్మని మళ్ళీ అటకెక్కించాడు.
ఈసారి మొహం నా వైపు తిప్పి పెట్టాడు.

రెండో కొట్లో బెలూన్లు.
మూడో కొట్టు మూసుంది.

నాలుగోది మస్తాన్ బాయ్ ఫ్యాన్సీ.
"ప్యారిస్ నించి రాత్రే దిగింది సరుకు"
అంటే చెన్నైలో ప్యారిస్, ఆ ఇంకో ప్యారిస్ కాదు.
బ్లేడుతో అట్టపెట్టె కోస్తే
ఎవరిదో ఒక ఆకురాలు కాలం
జలజలా కౌంటరు మీద పడింది.
ఎరుపు, పసుపు, ఇటికరంగు,
వేళ్ళు చాచిన అరచేతుల మాదిరి ఆకులు.
ఏ చెట్టువో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు.
పెంచలమ్మ ఒకటి తీసి వాసన చూసి
"ఆముదపాకుకి జొరమొచ్చినట్టు ఉండాదే" అంది.

మా ఊళ్ళో ఈ రుతువు ఆకుల్లో రాదు.
రేడియోలో వస్తుంది,
కృష్ణపట్నం రేవులో ఎగరేసిన నెంబరుగా వస్తుంది.
చిన్నప్పుడు అల్లూరులో తుఫాను రాత్రి
మా బాబాయి హార్లిక్స్ సీసాలో కొవ్వొత్తి నిలబెడితే
గోడ మీద మా నీడలే దయ్యాలు.
మేం వాటికి పేర్లు పెట్టి
పొద్దున కరెంటొచ్చాక వెతుక్కున్నాం.

"నవ్వేది కావాలా, ఏడ్చేది కావాలా?"
మస్తాన్ బాయ్ రెండు గుమ్మడికాయలు ఎదురుగా పెట్టాడు.
నారింజరంగు ప్లాస్టిక్, లోపల బల్బు,
అడుగున మీట నొక్కితే గొంతు.
ఎల్కేజీ రియాజు చీకటంటేనే గుక్కపడతాడు.
నవ్వేదే ఇవ్వండి.
"దీనికి పళ్ళెందుకు మేడమా?
మన బూడిదగుమ్మడికాయ నోరు మూసుకోనే కాపలా కాస్తాది గదా!"
పెంచలమ్మ అడిగినదానికి
మస్తాన్ బాయ్ యాభై తగ్గించాడు.
మూడొందలు. నేను రెండొందల ఎనభై అన్నాను.
ఆయన కళ్ళు మూసుకుని
ఎవరో పోయినంత బాధగా సరే అన్నాడు.
ఆకులు డజను అరవై, మూడు డజన్లు.
సాలెగూడు ఒక పొట్లం. గబ్బిలాలు ఆరు,
ఒకదానికి రెక్క విరిగింది, అది ఊరికే ఇచ్చాడు.

ఆటో రైలుకట్ట కింద గుంటలో పడ్డప్పుడల్లా
సంచిలోంచి గుమ్మడికాయ నవ్వుతుంది.
డ్రైవరు రెండుసార్లు వెనక్కి తిరిగాడు.
మూడోసారి ఆంజనేయదండకం మొదలుపెట్టాడు.

పొర్లుకట్ట దగ్గర దిగతా పెంచలమ్మ ఆగింది.
ఆ ఏడు పెన్న పొంగినప్పుడు
నడుం లోతు నీళ్ళు వచ్చిన ఇల్లు ఆమెది.
గోడ మీద ఆ గీత ఇంకా ఉంది,
సున్నం ఎన్నిసార్లు వేసినా పైకొస్తుంది.
"ఒక ఆకు నేను తీసకపోనా?
గుమ్మానికి చెక్కుకుంటా.
మామిడాకు మూడునాళ్ళకి ఎండిపోతాది,
ఇది తడిసినా ఏం కాదు గదా."

ఎర్రది ఎంచుకుంది. కాదని మళ్ళీ పెట్టి
పసుపుది తీసుకుంది.

రాత్రి లెక్కల పుస్తకంలో
గుమ్మడికాయ ఒకటి, గబ్బిలాలు ఆరు,
ఆకులు ముప్పై అయిదు
అని రాశాను.