కారణం గడి

నారాయణగూడలో ఆటో దిగి
సందు మలుపు తిరగ్గానే
కాళ్లకు ముందు తెలిసింది, నాకు తర్వాత.

ఫోన్లో బొమ్మలు చూసి బుక్ చేశాను.
ఎనిమిదే గదులు, పూల గచ్చు, చెక్క మెట్లు.
"నడిబొడ్డున ఇల్లులాంటి బస" అని రాసి ఉంది.
ఇల్లు కాదు బాబూ,
పధ్నాలుగు మందికి రెండు బాత్‌రూముల
వనితా వసతి గృహం ఇది.

కౌంటర్ దగ్గరి మొయిజ్
రాగి గ్లాసులో సబ్జా నిమ్మరసం పెట్టి
"ఎవరో నవాబుగారి మునిమనవరాలు ఉండేదట మేడం" అన్నాడు.
"అవునా" అన్నాను.
ఉండేది వార్డెన్ సుభద్రమ్మ.
ఒంటికి జండూబామ్ వాసన, కొంగుకు తాళాలు,
తొమ్మిది కొట్టగానే గేటుకు గొలుసు.
గొలుసు పక్కన మేకుకు వేలాడే రిజిస్టరు:
పోయిన టైము, వచ్చిన టైము, కారణం.
నస్రీన్ ఏడాది పొడుగునా ప్రతి సాయంత్రం
ఆ గడిలో ఒకటే మాట రాసింది: జిరాక్స్.

నెలకు పదకొండొందలు అప్పుడు,
రెండు పూటల భోజనంతో, పెరుగు విడిగా.
ఇప్పుడు ఒక రాత్రికి ఆరువేల రెండొందలు.
వేయకూడదనుకుంటూనే లెక్క వేశాను.
ఈ రాత్రి నేను పోవాల్సింది
ఐదున్నర నెలల నిద్ర.

ఐదో నంబరు గది.
నాలుగు మంచాల చోట ఒకటే మంచం, ఈదడానికి సరిపోయేంత.
కిటికీ పక్కన కస్తూరి పడుకునేది,
నిర్మల్ పిల్ల, బ్యాంకు పరీక్షల కోసం
నిద్రలో కూడా శాతాలు కట్టేది.
బీరువా వారన రాహేలు. నైట్ డ్యూటీ దిగొచ్చి
మేం లేచే వేళకు ముసుగు తన్నేది.
నస్రీన్‌ది ఈ గోడ.
ఆబిడ్స్‌లో చెప్పుల షాపు కొలువు,
పగలంతా పరాయి పాదాలు ఒళ్లో పెట్టుకుని
రాత్రికి తన పాదాలు గోడకెత్తి పడుకునేది.
రెండు మడమల మరకలు పడ్డాయక్కడ.
సుభద్రమ్మ వాటికి యాభై రూపాయలు కోసుకుంది.

ఆ గోడకు పూత పూయలేదు వీళ్లు.
"పెచ్చులు అలాగే ఉంచాం, అదే అందం" అన్నాడు మొయిజ్,
పైనుంచి చిన్న దీపం కూడా వేశారు.
కళ్లజోడు పెట్టుకుని వెతికాను.
ఒకటి ఉన్నట్టే ఉంది.
తేమ కూడా కావచ్చు.

స్నానాలగదిలో వాన కురిసే షవరు.
చెంబు ఎక్కడా లేదు.

కింద వీధి పడుకోలేదు.
గ్లాసులో గ్లాసు దూరే చప్పుడు,
ఒకే బండి మీద ముగ్గురి నవ్వు,
పెనం మీద నీళ్లు చల్లితే వచ్చే స్సుయ్.
అప్పుడూ ఇవే. కడ్డీల వెనక వరసగా కూర్చుని వినేవాళ్లం.
పట్నం మాకు చెవుల దాకానే వచ్చేది.

ఫోన్ చేసి "గేటు ఎన్నింటికి వేస్తారు?" అనడిగాను.
మొయిజ్‌కు ప్రశ్న అర్థం కాలేదు.
"వెయ్యం మేడం."

ఒంటిగంటా పది. చెప్పులేసుకున్నాను.
పని లేదు. ఆకలి కూడా పెద్దగా లేదు.
మెట్లలో మూడోది ఇంకా కిర్రుమంటుందని తెలుసు,
నలుగురం చేతులు పట్టుకుని దాటేసేవాళ్లం దాన్ని.
దాని మీదే కాలు పెట్టాను, గట్టిగా.

దోసె బండి చుట్టూ
మెడలో ఆఫీసు కార్డులతో అమ్మాయిలు.
ఒక పిల్ల జరిగి చోటిచ్చి
"ఆంటీ, అక్కడ పొగ, ఇటు రండి" అంది.
వెన్న కారం దోసె. నాలుక కాలింది.
తుంచి నాలుగు ముక్కలు చేశాను.
నాలుగూ నేనే తిన్నాను.

తిరిగొచ్చేసరికి రెండుంపావు.
వాచ్‌మన్ పోచయ్య కుర్చీలోంచి లేచి
చంకలోంచి పుస్తకం తీశాడు.
"సంతకం వెట్టాలె మేడం, రూల్."
పోయిన టైము. వచ్చిన టైము.
మూడో గడి దగ్గర పెన్ను ఆగింది.
జిరాక్స్ అని రాయబోయి, నవ్వొచ్చి,
"ఊరికే" అని రాశాను.

పోచయ్య టార్చి వేసి కూడబలుక్కుని చదివాడు.
"గట్లనే రాస్తరు మేడం, అందరు."