రెండొందల పద్నాలుగు

షాద్‌నగర్ ప్లాట్‌ఫారం. పొద్దుగాల ఐదున్నర.
గంప దించి కూసున్నది కుర్మమ్మత్త.
"యాడికి?"
"పట్నం."
మనదీ పట్నమే అయిందంట అత్తా,
నక్షల చూపిస్తున్నరు, అంటే
తంబాకు ఆ దవుడకు జరిపి నవ్వింది:
"మూడొద్దులాయె నల్లా రాక.
ఏ పట్నం కాడ ఆగిందో అడుగు."

ఆమె జొన్నచెల్కల హద్దురాళ్లకు
నంబర్లు రాసింది నేనే.
పసుపు రంగు, రాయికి పదిహేను.
రెండొందల పద్నాలుగు కాడ బ్రష్షు తిరగలే.
ఎన్కట ఆమె అంబలి కుండ పెట్టిన జాగ అది.
పక్కన సీతాఫలం చెట్టు
ఏ ప్లాటులకూ రాదు,
రోడ్డుల పోతదట.
ఈయేడూ కాసింది.

రైలు కూసింది.
గంప నెత్తికెత్తిన. మస్తు బరువు.
"యాడియత్తా ఇన్ని కాయలు?"

పెదవుల మీద వేలు పెట్టి
ఎక్కింది.