సీల

సీల ఒకటి ఇరిగిందని ఫోన్ చేసిండు సర్వోత్తం సారు.
ఖిలా వరంగల్ల, తూర్పు దర్వాజ దాటినంక
పాత బియ్యం గోదాముల పెట్టిండు మ్యూజియం.
టికెట్టు ముప్పై, పిల్లలకు పదిహేను,
బొండకొయ్యల కాళ్లు పెట్టి ఫోటో దిగితె ఇంకో ఇరవై.

సంచిల ఉలి, బర్మా, ఆకురాయి ఏసుకొని పోయిన.
బయట రాతి తోరణం కాడ
ఎవరో పెండ్లి ఫోటోలు దిగుతున్నరు.
లోపట ట్యూబులైటు కింద, ఫినాయిలు వాసనల
గోడకు కట్టిన చింత బరిగెలు,
కోదండమేసే తాడు,
నడుం వంచి మీద పెట్టే బండ.
బండ మీద సున్నంతోటి తూకం రాసిండ్రు,
ముప్పై రెండు కిలోలు.
ఏ దొర గడీలదని అడిగితె
"నాలుగైదు గడీలయి కలిపి కొన్న" అన్నడు.
బోర్డు మీద మాత్రం 'మధ్యయుగం' అని ఉన్నది.
మా ఓదెలు తాత ఆ మధ్యయుగంల
బస్సెక్కిండు, బీడీ తాగిండు,
రెండుసార్లు ఓటు గూడ ఏసిండు.

బొండకొయ్య ఏగిస కర్రది.
రెండు మొద్దులు, ఒకదాని మీదొకటి, నడుమ నాలుగు పొక్కలు.
అబద్ధమెందుకు, ముందుగాల మనుషులు యాదికి రాలే,
కర్రనే చూసిన.
ఇన్నేండ్లైనా వంక తిరగలే.
బెజ్జంల కుసి కూసున్న తీరు,
నడుమ బియ్యపు గింజ పట్టదు.
"మంచి పనోడు" అని నోట్లకెల్లి వచ్చింది.
ఎనుకనే నోరు చేదైంది.

పొక్కల అంచులు నున్నగున్నయి.
ఏలు పెట్టి తిప్పి చూసిన.
ఆకురాయి పడితె గీతలు ఒక్క దిక్కే పోతయి, అది నాకెర్కే.
ఇవి గీతలు గావు.
కడప నడుమ గుంత పడ్డట్టు,
చేద గుంజంగ గుంజంగ బాయి గిరక అరిగినట్టు
ఎవరెవరియో చీలమండలు.

కని ఒక్క పొక్కకు, ఎడమ చివరదానికి,
లోపటి అంచున సన్నటి గీతలున్నయి.
చేసినోడే రాకిండు.
చిన్న పొక్క అది, మిగిలిన మూడిటికన్న చిన్నది.
ఎవరి కాలు కొలత తెచ్చిచ్చిండ్రో వానికి.
పాపమనిపించిందో,
లేకుంటె పని నున్నగ రాకుంటె
నిద్ర పట్టనోడో, నా లెక్క.

తాత చెప్పినయి మాకు ఎర్కే.
బండి గిర్రలు, నాగండ్లు, తొట్టెలలు, పెండ్లి పీటలు.
ఒక్కపారి గడీకి పిలిచిండ్రట,
పదకొండు రోజులున్నడట, కూలి ఇయ్యలేదట.
ఏం చేసినవే అని అడిగితె
కాలే బీడీని ఆర్పి
మళ్ల ముట్టిచ్చుకునేటోడు.

కొలత తీస్కోవాలె.
చెప్పు ఇడిచి కాలు పెట్టిన.
సాయమనుకొని మీది మొద్దు దించిండు సారు.
సీల లేదు గద, ఒక్క చేత్తోటి లేపొచ్చు,
అయినా ఈపంత చెమట.
అప్పుడే బడి పిల్లల వరుస వచ్చింది.
రెండు జడల పోరి ఒకతి నా ముఖం దిక్కు చూసి
"మేడం, ఈయన బొమ్మనా?" అనడిగింది.
నేను కదల్లే.
ఎందుకో కదలబుద్ధి కాలే.

సీల చెక్కిన.
కొత్త కర్ర తెల్లగ కొడుతున్నదని
చాయ్ డికాషన్ల నానబెట్టుమన్నడు సారు.
మూడు గంటల్ల దానికి వందేండ్లొచ్చినయి.
సుత్తెతోటి ఒక్క దెబ్బ,
గట్టిగ కూసున్నది.
వదులుగ చెక్కుదామనుకున్న.
చెయ్యి ఇనలే.

ఎనిమిది వందలు. బిల్లు గావాలెనట.
ఏం పనని రాయాలె సారూ?
పెన్ను గదువకు ఆనిచ్చి జరసేపు ఆలోచించిండు.
"కుర్చీ రిపేరు అని రాయి."
రాసి సంతకం పెట్టిన.

పొద్దుమీకి ఇంటికొస్తె
మా వైదేహి సంచి అందుకున్నది.
"ఇయ్యాల ఏం చేసినవు నాయిన?"

నాకు బీడీ అలవాటు గూడ లేదు.