వెన్నశాతం

పాలమనేరు. పేరులోనే పాలు పెట్టుకున్న ఊరు.
తెల్లారి ఐదున్నరకు షట్టరు ఎత్తుతాను.
క్యాన్లు, చెంబులు, మూత పోయిన కూల్‌డ్రింకు బాటిలు
నా ముందు వరసలో నిలబడతాయి.
పదకొండేళ్ళుగా నా పని ఒకటే:
గరిటెడు పాలు మిషన్లో పోసి
వచ్చిన అంకెను గట్టిగా చదవడం.
మూడు పాయింటు ఎనిమిది. నాలుగు పాయింటు రెండు.
ఆ అంకె మీదే కుప్పమ్మ కూతురి ఫీజు,
ఆ అంకె మీదే ఏకాంబరం బీడీకట్ట.

మాది గుడ్డును గడప దాటనివ్వని ఇల్లు.
బస్సులో పక్కామె క్యారియరు విప్పితే
కిటికీ తెరుచుకుని కూర్చున్నదాన్ని.
నా చేతికి ఏ నెత్తురూ అంటలేదని
ఎవరూ అడక్కుండానే చెప్పుకునేదాన్ని.

మాఘమాసం, మంచు విడవని పొద్దు.
కుప్పమ్మ పాలు రాలేదు.
రిజిస్టరులో గీత పెట్టబుద్ధికాక
నేనే వాళ్ళ కొట్టానికి పోయినాను.

ఆవు నిలబడి ఉంది, చెవికి పసుపు బిళ్ళ.
దాని ముందు దూడ.
ఆవు నాకుతా ఉంది. మెడ, మూపు, మళ్ళీ మెడ.
దూడ తోక ఆడించలేదు.
దగ్గరికి పోతే పొట్ట కింద గోనెదారం కుట్లు.
ఒకచోట కుట్టు ఊడి
ఎండుగడ్డి బయటికి వస్తా ఉంది.

"కోడెదూడమ్మా, తొమ్మిదో రోజే పాయ.
ఇది కనబడకపోతే చేపదు" అనింది కుప్పమ్మ,
నా మొహం చూడకుండా, పొదుగు కడుగుతా.

ఆయమ్మను తిట్టే నోరు నాకు లేదు.
ఆ పాల డబ్బుల్లోంచే కదా
నా జీతం కూడా.
ఆ పూట ఆ పాలు నాలుగు పాయింటు ఆరు.
ఆ ఏడాదిలో ఆయమ్మకు అదే ఎక్కువ.
గట్టిగా చదవలేకపోయినాను,
చీటీ మీద రాసి ఇచ్చినాను.

మొదట కాఫీ పోయింది.
దాని బదులు మూడు దినాలు తలనొప్పి కూర్చుంది.
"శాకాహారమే కదా మనది, ఇంకేం విడవాల?
రేపు గాలి పీల్చడం కూడా మానేస్తావా?"
అని మా ఆయన పేపరు వెనకనుంచి.
"పెరుగు లేకుండా అన్నం ముగిస్తే
ఇంట్లో ఎవరో పోయినట్టుంటాది" అనింది అత్త.
పోయింది కదా అత్తా, తొమ్మిదో రోజే
అనబోయి, మజ్జిగ గిన్నె ఆమె వైపు జరిపినాను.

చెనిక్కాయ విత్తనాలు నానేసి, రుబ్బి,
పాత పంచెగుడ్డలో పిండి
పచ్చిమిరప తొడిమలతో తోడుపెట్టినాను.
ఒకసారి విరిగింది. ఒకసారి కంపు కొట్టింది.
మూడోసారి, గిన్నె వంచితే
ఒక్క క్షణం జారకుండా నిలబడింది.
దానికే ఎంత గర్వమో!
సంగటికి, ఊరిబిండికి ఇవేవీ అక్కర్లేదు.
మా అవ్వ బతుకంతా అట్లే తినింది,
దానికో పేరుందని తెలీకుండా.
అప్పుడు ఆవు కొనే స్తోమత లేదు, అంతే.

పక్కింటి కుముదవల్లి తిరుమల పోయొచ్చి
లడ్డు చిదిపి అరచేతిలో పెట్టింది.
కళ్ళకద్దుకున్నాను. తిన్నాను.
సాయంత్రం దాకా చేతిలో నెయ్యి వాసన.
కడుక్కున్నానా అంటే, లేదు.

ఉద్యోగం మానలేదు. పిల్లోడు ఇంకా తొమ్మిదో తరగతి.
"సారాయి అంగట్లో తాగనోడు కూర్చున్నట్టుంది నీ యవ్వారం"
అంటాడు ఏకాంబరం. నవ్వుతాను,
వేరే సమాధానం దొరకదు.

నిన్న వరస రాకముందు
ఇంటినుంచి తెచ్చుకున్న చెనిక్కాయ పాలు
ఒక గరిటె మిషన్లో పోసినాను.
తెరమీద ఏవో గీతలు, తర్వాత సున్నా,
తర్వాత మళ్ళీ మొదలుపెట్టమనింది.

వెనక కుప్పమ్మ.
ఎప్పుడొచ్చిందో, చంకలో క్యాను.
"ఎంతొచ్చె?" అనింది.

మిషను కడిగినాను, రెండుసార్లు.
ఆయమ్మ క్యాను మూత తీసినాను.
మూతకు లోపల, తడికి అంటుకుని
ఒక గడ్డిపోచ.
ఇద్దరమూ చూసినాము.